నాలుక ముక్కను పడుకోబెట్టిన రోజు

రెండు వేలు దాటిన కొన్నేళ్ళకు విరుదునగరంలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను సెమినారుకు పిలిచారు. విషయం పొదగడం. విజ్ఞానంలో పొదగడమంటే ఏమిటి, కళల్లో పొదగడమంటే ఏమిటి అని ఒక రోజంతా మాట్లాడుకోవాలట. గోడకు గోడంత బ్యానరు కట్టారు. నన్నెందుకు పిలిచారంటే, ఇరవై ఏళ్ళకు పైగా నా ఉద్యోగం అదే. ఆసుపత్రుల్లో కోసి పంపిన కండ ముక్కను మైనంలో పొదిగి, అంగుళంలో ఐదు వేలో వంతు మందాన పొరగా కోసి, రంగు వేసి డాక్టరు ముందు పెట్టేవాణ్ణి. డిగ్రీ లేదు. పదో తరగతి రెండుసార్లు తప్పాను. మాది తమిళ సీమ, మా ఇళ్ళల్లో తెలుగు మాటే గానీ తెలుగు చదువు లేదు. ఈ అక్షరాలు కూడా నలభై దాటాక పాత వారపత్రికలు ముందు పెట్టుకొని నేర్చినవే. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ముందు లెక్కల ప్రొఫెసరు లేచాడు. ఒక ఆకారాన్ని చిరగకుండా, తన మీద తాను పడకుండా ఇంకొక పెద్ద చోటులో ఉంచడమే పొదగడమన్నాడు. ఆ మాట చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. జేబులోంచి ఒక తాడు తీసి చూపి ఉంటే నాలుగు నిమిషాల్లో అయిపోయేది. తరువాత భాషల ప్రొఫెసరు. వాక్యంలో వాక్యం పెట్టడం పొదగడమట. అమ్మ అన్నదని తమ్ముడు అన్నాడని అక్క అంటోంది అనేది ఉదాహరణ. మా వీధి కొళాయి దగ్గర బిందెలు నిండేలోపు ఇంతకంటే లోతుగా పొదుగుతారు, వాళ్ళకు ఎవరూ శాలువా కప్పలేదు. కంప్యూటరు ఆయన బట్టలుతికే యంత్రం కడుపులో ఉన్న చిన్న మెదడు గురించి చెప్పి, ఆ కోర్సు తమ దగ్గర ఉందని కాగితాలు పంచాడు. ఇంకొకాయన లేచి, సైన్యం బండి ఎక్కి సైన్యం చూపించింది మాత్రమే చూసి రాసే విలేకరులకు కూడా ఇదే మాట వాడుతున్నారన్నాడు. ఆ ఒక్క అర్థం నాకు వెంటనే ఎక్కింది. మందుల కంపెనీ కారులో తిరిగే డాక్టర్లను చాలామందిని చూశాను.

ఒక్క డ్రాయింగు మాస్టారు మాత్రం నచ్చాడు. సున్నం గోడలో అద్దం ముక్కలు, పింగాణీ పెంకులు పొదిగే పని ఆయనది. వేళ్ళ నిండా సున్నం తిన్న గుంటలు. సున్నం ఎంతసేపు మెత్తగా ఉంటుందో, ముక్కను ఎంత లోతు నొక్కాలో చెప్పబోతుంటే టైమైపోయిందన్నారు. కోవిల్‌పట్టి నుంచి ఒక కడలమిఠాయి మేస్త్రీని పిలిచి ఉంటే, బెల్లం పాకంలో వేరుశనగ గింజ ఎప్పుడు వేస్తే నిలుస్తుందో, ఎప్పుడు వేస్తే ఊడుతుందో చెప్పి అందరినీ కూర్చోబెట్టేవాడు. వాళ్ళకు అది తోచలేదు. తోచి ఉంటే సెమినారు ఎందుకు పెడతారు.

నా వంతు వచ్చింది. నేను చేసిన ఒక తప్పు వల్ల ఒకామె నాలుక పోబోయిన సంగతి చెబుదామని మొదలుపెట్టాను. మూడో వాక్యంలో ప్రిన్సిపాలు లేచి, "తప్పుల గురించి వద్దులే అయ్యా, పిల్లలు భయపడతారు. టీ వచ్చింది" అన్నాడు. ఆ టీ చల్లారి చాలా ఏళ్ళయింది. నేను చల్లారలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ చెబుతాను. భయపడితే భయపడండి. భయం లేనివాడు ఈ పనికి వద్దు.

ముక్కకు ముఖం ఉంటుంది

పని వినడానికి చాలా తేలిక. ఇత్తడితో చేసిన రెండు వంకర బద్దలు ఎదురెదురుగా పెడితే చిన్న పెట్టె అవుతుంది. అందులో కరిగిన మైనం పోస్తాం. నీరంతా తీసేసిన కండ ముక్కను చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, అందులో పెడతాం. మైనం గడ్డకడుతుంది. అయిపోయింది. మా పెద్ద డాక్టరు కొత్తవాళ్ళకు ఇంతే చెప్పేవాడు. ఆయన నలభై ఏళ్ళు స్లైడు చూశాడు గానీ ఒక్కనాడూ ముక్క పెట్టలేదు. వంటింట్లోకి పోకుండానే సాంబారు రుచి చెప్పే మగవాళ్ళు ఉంటారే, ఆ జాతి.

పెట్టడంలోనే ఉంది అంతా. పెట్టె అడుగుకు ముక్కలో ఏ వైపు తగులుతుందో, కత్తి ముందుగా ఆ వైపునే కోస్తుంది. డాక్టరు చూసేది ఆ వైపునే. ముక్క ఎటు తిరిగి కూర్చుందో దాన్ని బట్టే ఆ మనిషి జబ్బు కనబడటమూ, కనబడకపోవటమూ. డాక్టరు కన్ను ఎంత గొప్పదైనా, నేను చూపించని వైపును చూడలేదు.

ఇది నాకు విరుదునగరం ల్యాబులో ఎవరూ నేర్పలేదు. అంతకు ముందు కోవిల్‌పట్టిలో సుబ్బయ్య ఆసారి దగ్గర రాళ్ళు పొదిగే పని చేసేవాణ్ణి. ఆసారి అంటే మా వైపు కంసాలి. కమ్మలకు, ముక్కుపుడకలకు రాళ్ళు కూర్చడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నోరు మాత్రం మురుగు. లక్క కాచి, నగను అందులో అదిమి పట్టించి, రాయిని చేతిలోకి తీసుకున్నాక ఆయన చాలాసేపు ఊరికే చూసేవాడు. తొందరపడ్డానంటే, "ఏమ్‌రా, రాయికి మొగం యాడుండాదో చూడకనే కూర్చుంటివే. పెండ్లికూతురిని వీపు తిప్పి కూర్చోబెడతావా?" అనేవాడు. నాలుగేళ్ళు తిట్లు తిన్నాను. నాకు వచ్చిన చదువు అదే.

కష్టమేమిటంటే నగలో ముఖం పైకి రావాలి, మైనంలో ముఖం అడుగుకు పోవాలి. ల్యాబులో చేరిన రెండు నెలలు నా చేతికి ఆ తలకిందులు ఎక్కలేదు. ఇంకొక సంగతి ఎక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది. రాయిని పొదిగేటప్పుడు వెడల్పు వైపును చూపిస్తాం. అదే అందం. చర్మం ఉన్న ముక్కను, అంటే నాలుక, పెదవి, బుగ్గ లోపలి ముక్కలను అట్లా పెట్టకూడదు. వాటిని అంచు మీద నిలబెట్టాలి. పై పొర, దాని కింద కండ, రెండూ పక్కపక్కన ఒకే కోతలో కనబడాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఒక రోజు పడుకోబెట్టాను.

అగ్గిపెట్టెల మైనం

ఆ రోజు సంగతికి ముందు మా డాక్టరు సంగతి ఒకటి చెప్పాలి. మా ప్రాంతంలో అగ్గిపుల్లలను మైనంలో ముంచి తీస్తారు, మంట సాగడానికి. కాబట్టి మైనానికి కొదువ లేదు. తొంభైల మొదట్లో మా డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. మైనం మైనమే కదా, ల్యాబు మైనం మదరాసు నుంచి ఎందుకు, పక్క వీధిలో ఉండగా అని. ఒక అగ్గిపెట్టెల కంపెనీ నుంచి రెండు డబ్బాలు తెప్పించాడు. ఇట్లాంటి తెలివి మా కోవిల్‌పట్టి, విరుదునగరాల మధ్యనే పుడుతుంది. ఇంకెక్కడా పుట్టదు.

పుల్లను తడపడానికి పనికొచ్చే మైనం కండను పట్టుకోలేదు. దాంట్లో జిడ్డు ఎక్కువ. ఎండాకాలం మా గదిలో ముక్కలు పొదిగిన మైనం దిమ్మెలు కుంగిపోయేవి. కత్తి పెడితే పొర ముడతలు పడి పాలకోవ గీకినట్టు వచ్చేది. నేను కొంచెం తేనెమైనం కలిపి, ఐసు మీద పెట్టి, ఎట్లాగో నెట్టుకొచ్చాను. అట్లా నెట్టుకొచ్చినందుకు నన్ను మెచ్చుకున్నారు. అది నా మొదటి తప్పని ఇప్పుడు అనుకుంటాను. చెడ్డ సరుకుతో మంచి పని చేసి చూపిస్తే, పై వాడు మంచి సరుకు ఎప్పటికీ కొనడు.

ఆ మైనం తొందరగా చల్లారేది. ముక్కను అటూ ఇటూ తిప్పి నిలబెట్టడానికి వ్యవధి ఇచ్చేది కాదు. ఇది నా తప్పుకు సాకు కాదు. కత్తి మొద్దుదని కొత్తవాడు చెప్పుకోవచ్చు. పదేళ్ళు చేసినవాడు చెప్పుకోకూడదు.

జ్ఞానమ్మక్క

తొంభైల మధ్యలో కోవిల్‌పట్టి నుంచి ఒక నాలుక ముక్క వచ్చింది. కందిగింజలో సగం ఉంటుంది. ఆ పూట కరెంటు పోయింది, వేడి పళ్ళెం చల్లబడింది, ఇంకా పన్నెండు ముక్కలు వరసలో ఉన్నాయి. ముక్కను మైనంలో వేశాను. అది వెడల్పు వైపున పడుకుంది. నిలబెట్టబోతే చుట్టూ మైనం తెల్లబడుతోంది. సరే పో అని వదిలేశాను. ఆ రెండు మాటలు నా ఉద్యోగం మొత్తంలో చేసినంత చెరుపు ఇంకేదీ చెయ్యలేదు.

స్లైడు పోయింది. డాక్టరు ఆ పూట ముప్ఫై స్లైడ్లు చూసి పెళ్ళికి పోవాలి. క్యాన్సరు, లోపలికి దిగింది అని రాసి పోయాడు.

రిపోర్టు తీసుకోవడానికి ఆ మనిషే వచ్చింది. జ్ఞానమ్మ అని, మా తెలుగు క్రైస్తవుల ఇంటి ఆమె. కోవిల్‌పట్టిలో అగ్గిపుల్లలు పెట్టెల్లో నింపే పని. నలభై ఏళ్ళు ఉంటాయి. నా తెలుగు వినగానే చనువు వచ్చేసింది. రిపోర్టు సంగతి ముందురోజే ఫోనులో మదురై ఆసుపత్రికి పోయింది, అక్కడ నాలుకలో సగం తీసేయాలన్నారని ఆమెకు అప్పుడే ఎవరో చెప్పేశారు.

"గురువారం రమ్మన్నారు తమ్మి," అంది. "కోసినాంక మాట వస్తాదా?"

"కొంచెం కొంచెం వస్తాదక్కా."

"కొంచెం మాటతో నేనేమి చేసేది? మా అత్తకు చెవుడు. మా కంపెనీ మేస్త్రీకి చెవులుండీ వినబడదు. నాకుండేదే ఈ నాలిక. ఇల్లు లేదు, నేల లేదు, ఇదొకటుండాది."

నోరు తెరిచి పుండు చూపించింది. నేను అడగలేదు. పుండు పక్కనే దవడ పన్ను ఒకటి విరిగి సూది మొనలాగా నిలబడి ఉంది. మాట్లాడినప్పుడల్లా నాలుక దాని మీదనే రుద్దుకుంటోంది. ఆమె ఎంత మాట్లాడుతుందో అప్పటికే చూశాను కదా.

రిపోర్టు ఇచ్చి పంపించాను. పంపించాక, పుండు ఆ పన్ను వల్లనేమో అనిపించింది. స్లైడు తీసి చూశాను. డాక్టరు పారేసిన పాత పుస్తకం ఒకటి డిక్షనరీ పెట్టుకొని ఎనిమిదేళ్ళు చదివినవాణ్ణి. జబ్బు పేరు చెప్పలేను గానీ, ముక్క ఎటు ఉందో చెప్పగలను. స్లైడులో ఎక్కడా పై పొర అంచు లేదు. గుంపులు గుంపులుగా దీవులు మాత్రం ఉన్నాయి.

ఆ దీవులేమిటో చెబుతాను, ఇది గుర్తుంచుకోండి. నాలుక చర్మం అడుగున దువ్వెన పళ్ళలాగా కండలోకి దిగి ఉంటుంది. దువ్వెనను నిలువుగా చూస్తే పళ్ళన్నీ వీపుకు అతుక్కొని ఉన్నాయని తెలుస్తుంది. పళ్ళను అడ్డంగా నరికి ఆ నరికిన చోటును చూడండి. చుక్కలు చుక్కలుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కనబడతాయి. చర్మం ఊడి లోపలికి పాకినట్టే ఉంటుంది. క్యాన్సరు కూడా అట్లాగే ఉంటుంది. ఆమె నాలుకలో పాకింది జబ్బు కాకపోవచ్చు. నేను దువ్వెనను పడుకోబెట్టాను, అంతే కావచ్చు.

పెద్ద డాక్టరు

మా డాక్టరు నల్లరేగడి భూముల తెలుగువాడే. మామూలుగా తమిళంలో మర్యాదగా మాట్లాడతాడు. కోపం వస్తే ఇంటి తెలుగు బయటికి వస్తుంది. నేను స్లైడు ముందు పెట్టగానే వచ్చింది.

"ఏమ్‌రా, నాకే చదువు చెప్పిస్తాండావా?"

"లేదు సార్. ముక్క పెట్టింది నేను. పడుకోబెట్టేస్తిని. నిలబెట్టి ఉండాల. దిమ్మె కరిగించి మళ్ళీ పెడతాను, ఒక్కసారి చూడండి."

"రిపోర్టు పోయింది."

"ఆమె ఇంకా పోలేదు సార్. గురువారం పోతాది."

"పదేండ్లు చేసినోడివి, ఇప్పుడొచ్చి పడుకోబెడితిని అంటే బయట ఏమంటారు? ల్యాబు పేరు ఏమవుతాది?"

"ఆమె నాలిక ఏమవుతాది సార్?"

ఆయన కాగితాల మీది బరువు రాయిని అటు నుంచి ఇటు జరిపాడు. "పో, చేసి తీసుకురా. తప్పయితే రేపట్నించి రావద్దు," అన్నాడు. ఎవరి తప్పయితే అని నేను అడగలేదు.

ఆ దిమ్మెను కరిగించినంత నిదానంగా నేను ఏదీ చెయ్యలేదు. అగ్గిపెట్టెల మైనం కడిగేసి, మంచి మైనం ఒక పక్కన అడుగున దాచుకున్నది తీశాను. అర గింజ ముక్క. చేయి వణికితే పోతుంది, ఇంకొకటి లేదు. సుబ్బయ్య ఆసారి రాయిని చూసినట్టు దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. నునుపు వైపు చర్మం. చిమటా వేడి చేసి, అంచు మీద నిలబెట్టి, మైనం పట్టేదాకా ఊపిరి బిగబట్టుకొని పట్టుకున్నాను.

మరుసటి పొద్దున కొత్త స్లైడు పెట్టాను. దువ్వెన మొత్తం కనబడింది. వీపు ఉంది, పళ్ళు ఉన్నాయి, అన్నీ అతుక్కొని ఉన్నాయి. పైన పుండు, కింద వాపు. ఏదీ ఊడిపోలేదు, ఏదీ పాకలేదు. డాక్టరు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ చూశాడు. తరువాత క్యాన్సరు కాదని కొత్త రిపోర్టు రాశాడు. 'పునఃపరీక్షలో' అని మొదలుపెట్టాడు. ఎందుకు పునఃపరీక్ష, ఎవరి వల్ల అనేది లేదు. మాలాంటి చోట్ల తప్పులు వాటంతట అవే జరుగుతాయి, దిద్దడం మాత్రం పెద్దవాళ్ళు దిద్దుతారు.

ఆయన మీద నాకు కోపం ఉంది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. చూడను పో అన్న డాక్టర్లు కూడా ఉన్నారు. ఈయన చూశాడు. ఆ రోజే అగ్గిపెట్టెల మైనం బయట పారబోయమన్నాడు.

కోవిల్‌పట్టి

"పోస్టులో వేసెయ్" అన్నాడు డాక్టరు. ఆ రోజు బుధవారం. పోస్టు చేరేలోపు నాలుక పోతుంది. బస్సెక్కి కోవిల్‌పట్టి పోయాను.

జ్ఞానమ్మక్క ఇంట్లోనే ఉంది. చీరలు సంచిలో సర్దుతోంది. అత్త గోడకు ఆనుకొని మొహం తిప్పుకొని కూర్చుంది. నేను అంతా చెప్పాను. ఇంట్లో ఉన్న దువ్వెన అడిగి తీసుకొని చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకొని, నిలబెట్టి చూసి, పడుకోబెట్టి చూసింది.

"అంటే నువ్వు పడుకోబెట్టినందుకు నేను మూడు దినాలు చస్తిని."

"ఔనక్కా."

"ఈ కాయితంలో నీ పేరుండాదా?"

"లేదు."

"అట్లయితే నువ్వెందుకు చెప్తాండావు?"

"నేను చెప్పకపోతే నీకు ఇంకెవరూ చెప్పరక్కా."

ఆమె సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే బయట పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాలిక మిగిలింది, సరి. వేల పోయింది, తెలుసునా?" అంది. వేల అంటే మా ఇళ్ళల్లో ఉద్యోగం.

జరిగింది ఇది. గురువారం తరువాత మాట ఉండదని తెలిసి, ఈమె ఇన్నేళ్ళుగా మింగినవన్నీ మూడు రోజుల్లో అనేసింది. అత్తను అన్నది. పక్కింటివాళ్ళను అన్నది. చివరికి కంపెనీలో మేస్త్రీ రంగసామిని అన్నది. ఆ మనిషి ఆడవాళ్ళ పాయఖానా తాళంచెవి తన చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఎవరికి అవసరమైనా అందరి ముందూ ఆయన దగ్గరికి పోయి అడగాలి. ఈమె నలభై మంది ముందర నిలబడి, "మీ ఇంట్లో ఆడోళ్ళు కూడా నిన్నడిగిదా లేస్తారా?" అని అడిగింది. నిన్నడిగిదా అంటే నిన్నడిగే అని. ఆయన పని మాని బయటికి పొమ్మన్నాడు.

"నువ్వుదా వచ్చి చెప్పాల," అంది. "నీ తప్పని నీ నోటితో."

పోయాను. కంపెనీ గుమ్మం దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. లోపల నేల మీద వరసలుగా ఆడవాళ్ళు పుల్లలు నింపుతున్నారు. వాళ్ళ చేతులు ఆగలేదు గానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి. నేను ల్యాబువాణ్ణని, ముక్క తప్పుగా పెట్టింది నేనేనని, ఆమెకు ఆ జబ్బు లేదని, చావు భయంలో ఉన్న మనిషి కాబట్టి మనసులో పెట్టుకోవద్దని చెప్పాను. డిగ్రీ లేనివాడు డిగ్రీ ఉన్నవాడి తప్పును కూడా తన మీద వేసుకొని చెప్పడం అది మొదటిసారి కాదు. కానీ ఆ రోజు అందులో పెద్ద భాగం నిజంగానే నాది.

రంగసామికి ఇది నచ్చింది. చొక్కా సర్దుకున్నాడు. "అట్ల చెప్పు. రిపోర్టు తప్పు, అందుకని మాట కూడా తప్పు," అని జ్ఞానమ్మక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆ దినం అన్నదంతా తప్పేనని చెప్పు, పోయి కూర్చో."

ఆమె నా వైపు చూసింది. ఊ అను అక్కా అని నేను కళ్ళతోనే బతిమాలాను. నలభై ఏళ్ళ మనిషి, ఇల్లు లేదు, నేల లేదు.

"లేదయ్యా," అంది. "ఆ రిపోర్టు మారదు."

లోపల పుల్లల చప్పుడు ఆగిపోయింది. జ్ఞానమ్మక్క చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మేస్త్రీ పక్కనుంచే లోపలికి పోయి, తన చోట కూర్చొని ఖాళీ పెట్టె చేతిలోకి తీసుకుంది. ఎవరూ లేవమనలేదు. రంగసామి ఏదో అనబోయాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకొని లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి, ఆయన ముందు చెయ్యి చాపింది. ఏమీ అడగలేదు. చాపిన చెయ్యి దించలేదు.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.